పొద్దుమలుపు చీకట్లో

పోయిన వారం మనం సిన్నోవెని ఉప్పుచేపల గిడ్డంగి మెట్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఏడు రోజులుగా అదే మెట్టు మీద, అదే మంచులో, చూపు పోయిన తండ్రి చెయ్యి పట్టుకుని నిలబడే ఉంది. మనుషుల్ని అలా చలిలో నిలబెట్టడం మా గ్రోయ దీవి మర్యాద కాదు. ఏం చేయను, పోయిన వారం పత్రికలో చోటు అయిపోయింది.

లోపలికి తీసుకొచ్చే ముందు రెండు ముక్కలు గుర్తు చేస్తాను. ఏడాదిలోకెల్లా పగలు కురచైన రోజు పొద్దుమలుపు. ధ్రువానికి దగ్గరున్న మాకైతే అసలు పగలే లేని రోజు. ఆ రోజున ఊళ్ళో దీపాలన్నీ ఆర్పేసి అందరం గిడ్డంగిలో కూడి కూర్చుంటాం. పూర్వం పడవలన్నీ ఒడ్డు చేరాక రేవు దీపాన్ని కూడా ఆ కాసేపు ఆర్పేవాళ్ళు. ముప్పై రెండేళ్ళ కిందట ఒక పడవ ఇంకా సముద్రం మీద ఉండగానే ఆ దీపం ఆరిపోయింది. ఇంటికొస్తున్న యోర్గెన్ రేవు బయట నీళ్ళలో ఉన్న గుర్రపురాయికి కొట్టుకున్నాడు. మనిషి దొరకలేదు. టోపీ మాత్రం మూడో రోజున ఒడ్డుకొచ్చింది. అప్పటి దీపం కాపరి ఐలెర్ట్. "ఎవడ్రా ఆర్పింది?" అని ఊరంతా మీదపడి అడిగితే "నేనే" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరూ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. మేం అలాంటి వాళ్ళం కాదు, అంతకంటే చెడ్డవాళ్ళం. పొద్దుమలుపు నాడు బల్ల మీద అతనికి చోటు వదలడం మానేశాం.

ఆ ఐలెర్ట్ కూతురే సిన్నోవె. ఆరేళ్ళప్పుడు 'దీపం ఆర్పినోడి కూతురు' అనిపించుకుంది, ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదు. ట్రోమ్సో పట్నంలో పడవ ఇంజన్లు బాగుచేస్తుంది. గురువారం పడవ దిగి, నేరుగా దుకాణంలోకి వచ్చి, అందరి ముందూ ఒకే మాటంది: "ఈసారి మా నాన్న మీ పక్కన కూర్చుంటాడు. ఎవరు లేపుతారో చూస్తాను."

ఇక తలుపు తీద్దాం.

మధ్యాహ్నం రెండు దాటింది. పదకొండింటప్పుడు కొండల మీద ఎవరో తడిగుడ్డతో పులిమినట్టు కాస్త నీలం వచ్చి, ఒంటిగంట దాకా అక్కడే తచ్చాడి, అదీ సముద్రంలోకి జారిపోయింది. దీవిలో ఒక్కో కిటికీ ఆరిపోతోంది. దూరం నుంచి చూసేవాడికి ఏదో పెద్ద జంతువు నింపాదిగా కళ్ళు మూసుకుంటున్నట్టు ఉంటుంది. రేవు దీపం ఒక్కటే వెలుగుతూ ఉంది. ఇప్పుడది కరెంటుతో తనంతట తానే వెలుగుతుంది, దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

గుమ్మంలో ఊరి ఆఖరి లాంతరు పట్టుకుని దుకాణం కాస్పర్ నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, కప్పకి ఊపిరాడనట్టు ఒక దగ్గు. ఆ దగ్గు ముందొస్తుంది, వెనక మనిషొస్తాడు.

"ఆగమ్మాయ్," అన్నాడు.

"ఏం కాస్పర్ మావా, నన్ను గుర్తుపట్టలేదా?"

"నిన్నెందుకు గుర్తుపట్టనూ! నువ్వు రా. నీ వెనకున్నాయన్ని కూడా గుర్తుపట్టాను, అదే వచ్చిన చిక్కు."

"ఆయనకో పేరుంది."

"ఉంటే ఉంది. ఈ గుమ్మంలో ఆ పేరు పలికి ముప్పై రెండేళ్ళైంది. నా నోటికి అలవాటు తప్పింది."

ఐలెర్ట్ కూతురి చెయ్యి లాగాడు. "పద అమ్మడూ. ఇంటి దగ్గర నాకు చీకటికేం తక్కువ? కళ్ళు పోయాక నాకు రోజూ పొద్దుమలుపే."

"నువ్వూరుకో నాన్నా!" అని ఆ పిల్ల కాస్పర్ మీదికి తిరిగింది. "నీకు తెలుసా మావా? ప్రతి ఏడూ సరిగ్గా ఈ వేళకి మా నాన్న ఇంట్లో దీపాలన్నీ ఆర్పేస్తాడు. కళ్ళు పోయాక కూడా తడుముకుంటూ వెళ్ళి ఆర్పుతాడు. కుర్చీ వేసుకుని ఒక్కడే కూర్చుంటాడు. ఎవరితో కూర్చున్నట్టు? మీతోటే కదా! మధ్యలో గోడ అడ్డం, అంతేగా!"

కాస్పర్ దగ్గాడు. ఆ దగ్గుకి ఒప్పుకుంటున్నాడో లేదో చెప్పడం కష్టం.

నేను లోపల పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాను. అలాంటి సమయంలో నోరు మూసుకోవాలని నా నోటికి ఎవరూ నేర్పలేదు. "ఏదో ఒకటి త్వరగా తేల్చరా కాస్పర్! తలుపు బార్లా తీశావు, లోపల పోగేసుకున్న చీకటంతా బయటికి కారిపోతోంది" అన్నాను. బల్లల మీద నవ్వులు లేచాయి. నవ్వు లేచిన చోట ఒక మనిషిని గెంటడం కష్టం, అందుకే అన్నాను. అందుకే అన్నానని అప్పుడు నన్ను నేను నమ్మించుకున్నాను.

అప్పుడు లేచింది ఓద్ని.

దీవిలో యాభై ఏళ్ళ లోపు వాళ్ళందరికీ అక్షరాలు దిద్దించిన పంతులమ్మ ఆవిడ. ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. వెన్ను మాత్రం ఇప్పటికీ నల్లబల్ల ముందు నిలబడ్డట్టే నిటారు. ఇప్పుడు పొద్దుమలుపు జరిపించేది ఆవిడే. గుర్రపురాయి దగ్గర పోయిన యోర్గెన్ ఆవిడ భర్త. కాబట్టి ఐలెర్ట్ సంగతి తేల్చే హక్కు ఎవరికైనా ఉంటే ఆవిడకే ఉంది. ఇన్నేళ్ళలో ఆవిడ 'వద్దు' అనలేదు, 'రానీ' అనలేదు. ఆ మౌనాన్నే మేం తీర్పనుకున్నాం.

"లోపలికి రానీ కాస్పర్."

"అది కాదు పంతులమ్మా, మీరు బాధపడతారేమోనని..."

"పోయింది నా మొగుడు. నీ మొగుడు కాదు. తలుపు వెయ్యి."

కాస్పర్ తలుపేశాడు.

సిన్నోవె తండ్రిని నడిపించుకొచ్చింది. అతను నేలపలకల మీద కర్రతో తట్టుకుంటూ, ముక్కు పైకెత్తి వాసన చూస్తూ వచ్చాడు. తారు, ఎండు కాడ్ చేప, తడి ఉన్ని, కెటిల్లో మరుగుతున్న కాఫీ. ముప్పై రెండేళ్ళ తర్వాత కూడా గిడ్డంగి వాసన మారలేదని అతని మొహమే చెప్పింది. ఓద్ని బల్లకి ఎదుటి బల్ల చివర కూర్చోబెట్టింది కూతురు. ఆ బల్ల మీద ముందు నుంచీ ఉన్నవాళ్ళు లేచిపోలేదు. అతనికీ వాళ్ళకీ మధ్య మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండిపోయింది. ఎవరూ జరగలేదు. సిన్నోవె ఆ ఖాళీ వైపు చూసింది, నా పక్కకొచ్చి కూర్చుంది.

"థాంక్స్ బాబాయ్," అంది మెల్లగా. "నువ్వు నవ్వించకపోతే వాళ్ళు రానిచ్చేవాళ్ళు కాదు."

నేను మొహం తిప్పుకుని కెటిల్ మూత సర్దాను.

మా కూటానికి పాదిరీ రాడు. ఏడాదికి రెండుసార్లు పడవలో వస్తాడు కానీ ఈ రోజుకి రాడు. వచ్చినా కాఫీ తాగి వెళ్ళాల్సిందే, ఇందులో ఆయనకి పని లేదు. ప్రార్థన లేదు, పాట లేదు, మొక్కుబడి లేదు. పొద్దుని ఎవరూ వెనక్కి పిలవరు. దాని దారిన అది మళ్ళుతుంది. మళ్ళే వేళకి దానికి తోడుగా అందరం ఒకచోట మేలుకుని ఉండాలి, అంతే. తోడున్న ఆ కాసేపూ చీకట్లో కూర్చుని, చెప్పాలనిపించినవాళ్ళు ఒక్కో నిజం చెప్పాలి. ఒక నోటికి ఒకే నిజం. ఎవరి పేరూ ఎత్తకూడదు, ఎవరికీ ఎవరూ జవాబివ్వకూడదు. దీపం వెలిగాక చీకట్లో విన్నది చచ్చినా బయట మాట్లాడకూడదు. మనుషుల గొంతులు అందరికీ తెలుసు, అయినా తెలియనట్టే ఉంటాం. అదే మా మర్యాద. ఇది రాసి నేను దాన్నీ తప్పుతున్నాను.

చీకట్లో నిజాలే పలకాలి కాబట్టి, కడుపులో మిగిలిన అబద్ధాలు ముందే కక్కేయాలని పెద్దల లెక్క. దీపం ఆర్పే ముందు ఆఖరి అబద్ధం చెప్పడం ముప్పై ఏళ్ళుగా నా వంతు.

"కానివ్వు హాగ్‌బర్త్," అన్నాడు కాస్పర్ లాంతరు దించి.

"మా తాత చీకటి నిల్వ చేసేవాడు," అని మొదలెట్టాను. "పొద్దుమలుపు నాటి చీకటే దానికి పనికొచ్చేది. ఫిబ్రవరి చీకటి నీళ్ళపాల లాంటిది, పీపాలో నిలవదు. చేపలు కోసే కత్తితో దిమ్మలు దిమ్మలుగా కోసి, దిమ్మ దిమ్మకీ మధ్య ఉప్పు చల్లి, ఐదు పీపాలు దట్టించేవాడు. వేసవిలో పొద్దు గుంకని రెణ్ణెల్లూ జనానికి నిద్రుండేది కాదు కదా? మనిషికో ముక్క కోసిచ్చేవాడు. మొహం మీద వేసుకుంటే చాలు, గురక."

"ఉప్పగా ఉండదా?" అని ఎవరో.

"ఉంటుంది. అందుకే మన దీవిలో నిద్ర లేవగానే అంత దాహం. సరే, ఒక జూలైలో మా అమ్మమ్మ పీపాకి మూత సరిగా పెట్టలేదు. మిట్టమధ్యాహ్నం మొత్తం కారిపోయింది. ఊరంతా గాఢాంధకారం! కోళ్ళు గూట్లోకెళ్ళి పడుకున్నాయి. పక్క దీవి నుంచి పెళ్ళికొచ్చిన పెళ్ళికొడుకు దారి కానక వేరే ఇంట్లోకి దూరి, అక్కడున్న పిల్లని పెళ్ళాడేశాడు. ఆ పెళ్ళికొడుకే మా నాన్న."

"అందుకేరా నువ్విలా పుట్టావు!" అన్నాడు కాస్పర్. గిడ్డంగి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఐలెర్ట్ కూడా నవ్వాడు. చూపులేని ఆ మొహం మీద నవ్వు, ఎక్కడికెళ్ళాలో తెలియని అతిథిలా, కాసేపు అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది.

కాస్పర్ పొయ్యి తలుపు మూసి లాంతరు ఊదాడు.

మా చీకటి గురించి రాయాలంటే మాటలు తక్కువ. మొదట కళ్ళు ఒప్పుకోవు, ఉన్నవీ లేనివీ రంగులు కల్పించుకుంటాయి. నాకు ప్రతిసారీ ఆకుపచ్చ చేపలు కనిపిస్తాయి. తర్వాత కళ్ళు ఓడిపోతాయి, చెవులు పెద్దవవుతాయి. కాళ్ళ కింద పలకలకి దిగువన సముద్రం ఒక్కో స్తంభాన్నీ పలకరిస్తూ వెళ్తుంది. ఆ పైన యాభై మంది ఊపిరి. కాసేపటికి ఏది ఎవరి ఊపిరో తెలియదు, దీవిని మొత్తంగా ఎవరో జేబులో వేసుకుని ఎక్కడికో నడిచిపోతున్నట్టు ఉంటుంది. ఒళ్ళు తేలికవుతుంది. మోకాళ్ళ నొప్పి ఎవరిదో అనిపిస్తుంది. చచ్చిపోయినవాళ్ళు కూడా పక్కనే కూర్చున్నారేమో అనిపిస్తుంది. చెయ్యి చాపితే తెలిసిపోతుందని ఎవరూ చెయ్యి చాపరు.

మొదటి గొంతు ఒక ఆడమనిషిది. "మా కోడలు చేసే చేపల పులుసు నాదానికంటే బాగుంటుంది. నాలుగేళ్ళుగా ఉప్పు తక్కువైందంటున్నాను."

చీకటి ఆ మాటని మింగేసింది. చాలాసేపటికి ఇంకో గొంతు. "ఈ ఏడు మొదటిసారి సముద్రమంటే భయమేసింది. ఇంట్లో నడుం నొప్పని చెప్పాను."

తర్వాత ఒక దగ్గు. దగ్గు వెనక, "మోల్తె పళ్ళ జాము సీసా అల్మారా వెనక పడి పగల్లేదు. నేనే తిన్నాను. మొత్తం." ఎక్కడో ఒక పెళ్ళాం ముక్కులోంచి గట్టిగా గాలి వదిలింది. జవాబివ్వకూడదన్న నియమం ఆ రోజు ఒక కాపురాన్ని కాపాడింది.

మళ్ళీ సముద్రం. మళ్ళీ ఊపిరి. నా పక్కన సిన్నోవె వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయి, పాడైన ఇంజను చప్పుడు వింటున్నట్టు.

అప్పుడు ఓద్ని గొంతు వినిపించింది. చీకట్లో గొంతులకి వయసుండదు. అది ముప్పై ఏడేళ్ళ ఓద్ని గొంతు.

"ఆ రోజు రేవు దీపం ఆర్పింది నేను."

పలకల కింద నీళ్ళు కూడా ఒక క్షణం ఆలోచించుకున్నట్టే నాకనిపించింది. నా పక్కన తాళం ఆగింది.

పంతులమ్మ అబద్ధమాడదు. దీవిలో గడియారం తప్పైనా కావచ్చు కానీ ఓద్ని మాట తప్పు కాదు. అందరూ నమ్మేశారు. నమ్మడం చీకట్లో కూడా వినిపిస్తుంది. మనుషులు బల్ల మీద కొంచెం వెనక్కి వాలుతారు, చెక్క కిర్రుమంటుంది. సొంత మొగుడు దారిలో ఉండగా దీపం ఆర్పేసిందట, అని ఆ చెక్కలన్నీ అనుకున్నాయి.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇన్ని వారాలుగా నన్ను ఓర్చుకున్నారు కాబట్టి మీరే ముందు వినాలి. ఆ రేవు దీపం ఆర్పింది ఓద్ని కాదు, ఐలెర్ట్ కూడా కాదు. నేను.

ఆ ఏడు చీకటి తనిఖీ నాది. ఎక్కడా వెలుతురు మిగలకుండా దీవంతా చుట్టి రావడం ఆ పని. జనమంతా గిడ్డంగిలో చేరాక నేనొక్కణ్ణే తిరుగుతూ రేవుకి వచ్చాను. దీపం వెలుగుతోంది, కాపరి లేడు. ఐలెర్ట్ మర్చిపోయి కూటానికెళ్ళి కూర్చున్నాడనుకున్నాను. నాకెంత సంబరమో! ఏడాది పొడుగునా వాణ్ణి ఏడిపించొచ్చు. అయినా పద్ధతి ప్రకారం పడవలు లెక్కపెట్టాను. పడవల లాంతర్లు కూడా ఆర్పేశారు కదా, ఒడ్డు వెంట నడుస్తూ కట్టుతాళ్ళని చేత్తో తడుముతూ లెక్కపెట్టాను. పన్నెండు తాళ్ళు, మాకున్నవి పన్నెండు పడవలు. ఒత్తి దించేసి, నవ్వుకుంటూ వచ్చి చీకట్లో కూర్చున్నాను. పన్నెండో తాడు ఎండుచేపల కోసం ఆ పొద్దున్నే వచ్చిన పరాయి పడవదని మర్నాడు గానీ నాకు తెలియలేదు.

నేను నోరు తెరవబోయే లోపే ఐలెర్ట్ "నేనే" అనేశాడు. నా మీద స్నేహంతో మీద వేసుకున్నాడనుకున్నాను. రేపు నిజం చెప్పేద్దాం అనుకున్నాను. ఆ రేపుకి ముప్పై రెండేళ్ళు నిండాయి. ఈలోగా నేను చెప్పిన కట్టుకథలకి లెక్కలేదు.

ఇప్పుడు ఓద్ని ఎందుకు తలకెత్తుకుంటోంది? నాకు బోధపడలేదు. ఐలెర్ట్‌ని మళ్ళీ మనుషుల్లో కూర్చోబెట్టడానికి తనని తానే బయటికి తోసుకుంటోంది, అంత వరకే తెలిసింది. ఆ బల్ల మీద ఖాళీ ఇటు నుంచి అటు జరుగుతుంది, అంతే. ఇంకో ముప్పై రెండేళ్ళు ఆవిడ బతకదు.

అందుకే చెప్పాను.

"కాదు. రేవు దీపం ఆర్పింది నేను. పన్నెండు తాళ్ళు లెక్కపెట్టి ఆర్పాను."

చీకట్లో ఒక మూల నుంచి కిసుక్కుమన్న చప్పుడు. ఆ వెనక ఇంకొకటి. కాస్పర్ దగ్గు నవ్వులోకి దిగింది. చివరికి గిడ్డంగి గిడ్డంగంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, ప్రేమగానే నవ్వారు. పంతులమ్మ మాటతో గుండెలు బిగుసుకుపోయిన వేళ ముసలి హాగ్‌బర్త్ మళ్ళీ ఏదో ఒకటి అల్లి తేలిక చేశాడని నవ్వారు. ఎవరో నా వీపు తట్టారు కూడా.

నా నిజానికి విలువ ఎంతో ఆ రోజు తెలిసింది. నవ్వు చల్లారేదాకా తల వంచుకుని ఉన్నాను. చీకట్లో తల వంచినా ఎవరికీ కనబడదు, అదొక నష్టం.

అంతలో ఎదుటి బల్ల దగ్గర కర్ర నేలకి తగిలింది. ఐలెర్ట్ లేచి నిలబడ్డాడు. ఈ గోడల మధ్య అతని గొంతు విని ఎంతకాలమైందో, కొందరికి ఎవరిదో కూడా తెలియలేదు.

"నియమం తప్పుతున్నాను, తిట్టుకోండి," అన్నాడు. "పేరెత్తుతున్నాను. ఓద్నీ, నువ్వు ఆర్పలేదు. దీపం నేను వెలిగేట్టే వదిలి వెళ్ళాను. అది ఆరిన వేళకి నువ్వు నా ఇంట్లో ఉన్నావు. నా దగ్గర."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ముప్పై రెండేళ్ళ కిందటి ఆ చీకటి నా కళ్ళ ముందు మళ్ళీ పరుచుకుంది. జనమంతా ఇలాగే కూర్చున్నారు. ఆరేళ్ళ సిన్నోవె కాస్పర్ పెళ్ళాం ఒళ్ళో నిద్రపోతోంది. ఎవరున్నారో ఎవరు లేరో చీకట్లో ఎవరు చూశారు? అందరూ అందరూ ఉన్నారనుకున్నారు. పెళ్ళాం పోయిన ఐలెర్ట్, మొగుడు మర్నాటికి గానీ రాడనుకున్న ఓద్ని, వాళ్ళిద్దరి చోట్లూ ఖాళీగా ఉన్నాయి. మర్నాడు ఊరు మీదపడి అడిగినప్పుడు, దీపం దగ్గర లేనని చెబితే ఎక్కడున్నావని అడుగుతారు. అందుకని "నేనే" అన్నాడు. వాడు కాపాడింది నన్ను కాదు. నేనెవరో వాడికి తెలియనే తెలియదు.

నా పక్కన బల్ల కదిలింది. సిన్నోవె లేచింది. తండ్రి దగ్గరికి వెళ్తుందనుకున్నాను, వెళ్ళలేదు. నా ముందుకొచ్చి మోకరిల్లి, నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఇంజను నూనె వాసన, ఉన్ని వాసన, వేడి ఊపిరి నా మొహానికి తగిలాయి. రోజూ యంత్రాలు విప్పే పిల్ల. ఏ ముక్క ఎక్కడ సరిపోతుందో, ఏది మిగిలిపోతుందో ఆ పిల్లకి చెప్పక్కర్లేదు.

"నాన్న ఆర్పలేదు," అంది. "ఓద్నమ్మ ఆర్పలేదు. బాబాయ్, ఇందాక నువ్వు చెప్పింది కథ కాదు కదా?"

"కాదమ్మడూ," అన్నాను.

"పరాయి పడవ తాడుని మనదనుకున్నాను. చెప్పే ధైర్యం లేకపోయింది. ఏ రోజూ రాలేదు, ఇవాళ కూడా నీ తండ్రి గుమ్మంలో నిలబడితే హాస్యమాడి తప్పించుకున్నాను."

కర్ర కిందపడింది. "ఒరే హాగ్‌బర్త్," అన్నాడు ఐలెర్ట్. "నువ్వా?" అందులో కోపం వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. కోపం లేదు. చాలా దూరం నడిచొచ్చిన మనిషి ఎవరింటి ముందు ఆగాడో అప్పుడే తెలుసుకున్నట్టు ఉంది ఆ గొంతు. అతను తడబడి కూర్చున్నాడు. ఆ వెంటనే ఎదుటి బల్ల మీద చెక్క మెల్లగా గీసుకున్న చప్పుడైంది. ఉన్ని బట్టలు చెక్క మీద జారుతున్నాయి. ఒకరు, ఆ పక్కన ఇంకొకరు, ఆ చివరి దాకా జరిగారు. ఐలెర్ట్ పక్కన ఖాళీ మూసుకుపోయింది. చూడలేదు, విన్నాను. నేను పుట్టాక విన్న చప్పుళ్ళలో అంత మంచిది లేదు. అది నా వల్ల వచ్చిందనుకునే హక్కు నాకు లేదు.

సిన్నోవె నా మోకాలి మీద నుంచి చెయ్యి తీసేసింది. నెమ్మదిగా తీసింది. క్షమించిందో లేదో ఆ చెయ్యి చెప్పలేదు.

"ఇక చాలు," అన్నాడు కాస్పర్, దగ్గకుండా. "నియమాలన్నీ మంటగలిశాయి. దీపం వెలిగిస్తాను." అగ్గిపెట్టె గలగల్లాడింది.

"వెలిగించకు."

ఓద్ని గొంతు. ఈసారి అది ముప్పై ఏడేళ్ళ గొంతు కాదు. ఉన్న వయసంతా అందులో ఉంది.

"నేను ఇంకా పూర్తి చెయ్యలేదు కాస్పర్. వీళ్ళిద్దరూ ఇన్నేళ్ళు ఆరిన దీపం బరువు మోశారు. యోర్గెన్ ఆ రోజు దీపం కోసం చూడనే లేదు. ఎందుకో నాకు ఆ మర్నాడే తెలిసింది."

అదేమిటో వచ్చే వారం చెబుతాను, ఈసారి కూడా పత్రికలో చోటు అయిపోయింది.